టెక్ సందేహాలు: రెండు లక్షల అడ్వెంచర్ బైక్ ఎవరికి గిట్టుబాటు?

ప్రశ్న: మాది నర్సీపట్నం. ఉద్యోగానికి రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు లంబసింగి, చింతపల్లి, ఒక్కోసారి సీలేరు వైపు వెళ్తుంటాను. చేతిలో ఆన్‌రోడ్ రెండుంపావు లక్షలున్నాయి. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 కొత్తగా వచ్చింది, 36 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత) అంటున్నారు. స్నేహితులేమో హీరో ఎక్స్‌పల్స్ 210 చాలు అంటున్నారు. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు తిరిగే దారులకు ఎక్స్‌పల్స్ 210 తీసుకోండి. ఆర్‌టీఎక్స్ మంచి బండి కాదని కాదు. అది వేరే దారికి కట్టిన బండి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బైక్‌ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటినవాటి మీద 40 శాతమైంది. ఇన్సూరెన్స్‌లో కూడా గీత 350 దగ్గరే. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి కదా, 2022లో నోటిఫై చేసిన రేట్లలో 150–350 సీసీకి ఐదేళ్ల ప్రీమియం 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. దీని మీద పన్ను వేరు. హిమాలయన్ 450 లాంటివి మీ లెక్కలోకి రాకపోవడానికి కారణం ఇదే.

ఆర్‌టీఎక్స్ 2025 అక్టోబర్‌లో 1.99 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు వచ్చింది. అది కింది వేరియంట్ ప్రారంభ ధర. దానికి లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపితే మీ రెండుంపావు దాటిపోతుంది. ఎక్స్‌పల్స్ 210 కింది వేరియంట్ 2025 జనవరిలో 1.76 లక్షలకు వచ్చి, జీఎస్టీ తగ్గాక సుమారు 1.62 లక్షలకు దిగింది. అన్నీ కలిపినా రెండు లక్షల చుట్టుపక్కలే తేలుతుంది. మిగిలినదాంట్లో మంచి హెల్మెట్, గ్లవ్స్, క్రాష్ గార్డ్, రేడియేటర్ గార్డ్ వస్తాయి. ఈ రెండు బండ్లూ లిక్విడ్ కూల్డ్, అంటే రేడియేటర్‌లో తిరిగే కూలెంట్ ద్రవమే ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. ముందు చక్రం ఎగరేసిన కంకర రాయి ఒక్కటి రేడియేటర్‌కు తగిలి కూలెంట్ కారిపోతే ఘాట్ మధ్యలో బండి ఆపేయాల్సిందే. కాబట్టి ఆ జాలీ గార్డ్‌ను అలంకారం కింద లెక్కేయకండి.

ఏ షోరూమ్‌లోనైనా కొటేషన్‌ను వరుసగా విడగొట్టి రాసివ్వమనండి: ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్). 'హ్యాండ్లింగ్ చార్జీలు', 'యాక్సెసరీస్ ప్యాకేజీ' అనే వరుసలు కనిపిస్తే కొట్టేయించండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే కట్టాలన్న నిబంధన ఏదీ లేదు. బయట నుంచి కొటేషన్ తెచ్చి చూపిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియం చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది.

ఇక బండి సంగతి. 36 పీఎస్, 24.6 పీఎస్ అని పక్కపక్కన రాస్తే ఆర్‌టీఎక్స్ గెలిచినట్టే కనిపిస్తుంది. తారు రోడ్డు మీద గెలుస్తుంది కూడా. మీరు మాత్రం మొదట సస్పెన్షన్ ట్రావెల్ (గుంటల్లో చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) వరుస చూడండి. ఆర్‌టీఎక్స్‌కు ముందూ వెనకా 180 మిల్లీమీటర్లు. ఎక్స్‌పల్స్‌కు ముందు 210, వెనక 205. మీరు సీటు మీద కూర్చోగానే అందులో నాలుగోవంతుకు పైగా మీ బరువుకే కుంగిపోతుంది. గుంటను మింగడానికి మిగిలేది తక్కినదే. వెనక ఒక మనిషి, 10 కిలోల సామాను ఎక్కితే ఇంకా తగ్గుతుంది. అలాంటప్పుడు ఈ 25–30 మిల్లీమీటర్ల తేడా వల్ల ఒక బండి గుంటను మింగితే, ఇంకో బండి ఫోర్క్ (ముందు సస్పెన్షన్) 'టక్'మని అడుగంటి ఆ దెబ్బ మీ మణికట్టుకు తగులుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్స్‌పల్స్‌కు 220 మిల్లీమీటర్లు, ఆర్‌టీఎక్స్‌కు 200.

చక్రాల్లోనూ ఇలాంటి తేడానే ఉంది. ఎక్స్‌పల్స్‌కు 21, 18 అంగుళాల స్పోక్ చక్రాలు. ఆర్‌టీఎక్స్‌కు 19, 17 అంగుళాల అల్లాయ్. చక్రం పెద్దదైతే రాయిని ఢీకొనే కోణం తగ్గుతుంది, అందుకే రాయి ఎక్కి దొర్లిపోతుంది. చిన్న చక్రం అదే రాయి దగ్గర ఒక్క క్షణం ఆగి దూకుతుంది. గట్టి దెబ్బ తగిలితే స్పోక్ చక్రం వంకరపోతుంది, దాన్ని మళ్లీ బిగించి సరిచేసే మేస్త్రీ పట్టణంలో దొరుకుతాడు. అల్లాయ్ పగిలితే మాత్రం కొత్తది కొనాల్సిందే. అయితే అల్లాయ్‌లో ట్యూబ్‌లెస్ సుఖం ఉంది. దాని సంగతి కింద చెబుతాను.

బరువు ఎక్స్‌పల్స్‌కు 168 కిలోలు, ఆర్‌టీఎక్స్‌కు 180 కిలోలు. 12 కిలోలంటే పెద్ద తేడాగా అనిపించదు. బురదలో పడిన బండిని ఒక్కరే లేపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఎక్స్‌పల్స్‌లో లోటు ఉన్న చోట కూడా చెప్పాలి. దాని టార్క్ (ఇంజిన్ లాగే బలం) 20.7 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 7,250 చుట్లు తిరిగేటప్పుడు. కింద ఊపు తక్కువ. ఇద్దరెక్కి ఘాట్ ఎక్కుతుంటే గేర్ తగ్గించి ఇంజిన్‌ను పరిగెత్తించాలి. 'కష్టపడుతోంది పాపం' అని పై గేర్‌లో సగం క్లచ్ పట్టి ఈడ్చేవాళ్లు క్లచ్ అరగదీసుకుంటారు. హైవే మీద 90–100 దాకా హాయిగా ఉంటుంది, ఆపైన లారీని దాటాలంటే ముందుగా లెక్క వేసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 28.5 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, క్రూయిజ్ కంట్రోల్ ఉంది. మీ తిరుగుడు అంతా 16వ నంబరు జాతీయ రహదారి మీద, విశాఖ నుంచి విజయవాడ దాకా ఉండి ఉంటే నేనే ఆర్‌టీఎక్స్ తీసుకోమనేవాణ్ని. పూర్తిగా తారు రోడ్డే అయితే సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ కూడా చూడదగ్గదే. 249 సీసీ ఆయిల్ కూల్డ్, రేడియేటర్ గొడవ లేదు.

పెట్రోలు లెక్క ఒకసారి వేద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 35 ఇచ్చే బండికి 343 లీటర్లు, 30 ఇచ్చేదానికి 400 లీటర్లు కావాలి. లీటరు 109 రూపాయలనుకుంటే తేడా ఏడాదికి ఆరు వేలు దాటుతుంది. ఐదేళ్లలో ముప్పై వేలు.

మీ ఎత్తుకు రెండు బండ్లూ కాస్త ఎత్తే, సీటు ఎత్తు ఎక్స్‌పల్స్‌కు 830, ఆర్‌టీఎక్స్‌కు 835 మిల్లీమీటర్లు. ఆపేటప్పుడు ఎడమ కాలు ఒక్కటే పూర్తిగా ఆనిస్తే చాలు, రెండు కాళ్లూ ఆనక్కర్లేదు. వెనక స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగుతు) ఒకటి రెండు మెట్లు వదులు చేస్తే కొంత దిగుతుంది. వెనక సస్పెన్షన్‌ను కిందికి దించే 'లోయరింగ్ లింక్' వేయిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. వెనక మాత్రమే దించితే హ్యాండిల్ తిరిగే తీరు మారిపోతుంది. సైడ్ స్టాండ్ పొడవు ఎక్కువై బండి నిటారుగా నిలబడుతుంది, గాలికి పడిపోతుంది.

టెస్ట్ రైడ్‌కు షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద ఒక చక్కర్ సరిపోదు. వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. ఒక స్పీడ్ బ్రేకర్‌ను 30లో దాటండి, తర్వాత 40లో. ఓసారి ఇద్దరూ దిగి బండిని పక్కకు వంచి, మళ్లీ నిటారుగా లేపి చూడండి.

ప్రశ్న: ఎక్స్‌పల్స్‌కు ట్యూబ్ టైర్లని విన్నాను. అడవిలో పంక్చర్ అయితే ఏం చేయాలి? (పాడేరు)

జవాబు: ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే స్ట్రిప్ గుచ్చి పది నిమిషాల్లో కదలొచ్చు. ట్యూబ్ ఉంటే చక్రం ఊడదీయాలి. దీనికి భయపడక్కర్లేదు గానీ ఇంటి దగ్గర ఒకసారి చేసి నేర్చుకోవాలి. సంచిలో ఉండాల్సినవి: మూడు టైర్ లివర్లు, రెండు యాక్సిల్ నట్లకు సరిపోయే స్పానర్లు, ప్యాచ్ కిట్, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, ఒక 21 అంగుళాల ట్యూబ్. ఆ ముందు ట్యూబ్‌ను అవసరమైతే వెనక 18 అంగుళాల చక్రంలోనూ సర్ది ఊరు చేరొచ్చు. వెనక ట్యూబ్ ముందు చక్రానికి చాలదు. అందుకే ఒక్కటే మోసుకెళ్తే 21దే మోయండి.

చేసే పద్ధతి: వాల్వ్ పిన్ తీసి గాలి మొత్తం వదలండి. టైర్ అంచును రెండు వైపులా తొక్కి రిమ్ నుంచి విడగొట్టండి. లివర్ పెట్టే చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును రిమ్ మధ్య పల్లంలోకి మోకాలితో నొక్కి పట్టండి. చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. ఆ పల్లంలోకి దిగకపోతే ఎంత బలం వాడినా అంచు పైకి రాదు, లివర్‌తో ట్యూబ్‌ను కొరుకుతారు. ట్యూబ్ బయటికి తీశాక టైర్ లోపల గుడ్డతో తడమండి, ముల్లు ఇంకా అక్కడే ఉండొచ్చు. ట్యూబ్ మీద పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు ఉంటే అది ముల్లు పని కాదు. గాలి మరీ తక్కువుండి రాయి తగిలినప్పుడు రిమ్ ట్యూబ్‌ను నలిపేసింది. మట్టి దారిలో గాలి తగ్గించినా 20 పీఎస్ఐ కంటే కిందికి వెళ్లకండి, తారు ఎక్కగానే మళ్లీ నింపండి. కొత్త ట్యూబ్‌లో కొంచెం గాలి పెట్టి గుండ్రంగా చేశాకే లోపలికి దూర్చండి, మెలిక పడదు.

చక్రం తీసి పెట్టాక ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రం లాక్ కాకుండా చూసే వ్యవస్థ) లైట్ ఆరకపోతే కంగారుపడకండి. సెన్సర్ వైరు నలిగిందేమో, చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగ్ వంగిందేమో, మధ్యలో బురద ఉందేమో చూడండి. ఆ లైట్ బండి కదిలి కాస్త వేగం అందుకున్నాకే ఆరుతుంది. నిలబెట్టి ఎంతసేపు చూసినా వెలుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఎక్స్‌పల్స్‌లో టీఎఫ్‌టీ (కలర్) స్క్రీన్, నావిగేషన్ కోసం పై వేరియంట్‌కు పది వేలు ఎక్కువ పెట్టొచ్చా? (ఖమ్మం)

జవాబు: నావిగేషన్ కోసమే అయితే వద్దు. ఎక్స్‌పల్స్‌లో 4.2 అంగుళాల స్క్రీన్ మీద కనిపించే బాణం గుర్తును పంపేది మీ ఫోనే. ఫోన్‌లో యాప్ నిద్రపోతే స్క్రీన్ కూడా నిద్రపోతుంది. సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఆ కంపెనీ యాప్‌కు బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి, లొకేషన్ అనుమతి 'ఎప్పుడూ' ఉంచండి, నోటిఫికేషన్లు ఆపకండి. అయినా తెగిపోతుంటే రెండు వైపులా పెయిరింగ్ తొలగించి కొత్తగా కలపండి. సర్వీసుకు ఇచ్చినప్పుడు మీటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడిగి, చేసిన సంగతి జాబ్ కార్డులో రాయించుకోండి.

సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. రానిది మ్యాప్ బొమ్మ. బయల్దేరే ముందు రోజు వైఫైలో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ప్రొఫైల్ ఫోటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో మీరు వెళ్లే ప్రాంతమంతా వచ్చేలా పెట్టె లాగి డౌన్‌లోడ్ చేయండి. ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చూపిస్తుంది, ట్రాఫిక్ ఉండదు. అడవి బాటలకు ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ మేలు. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తుంటే ఏ మ్యాప్‌నూ గుడ్డిగా నమ్మకండి, అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది.

ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగిస్తే కెమెరా పాడవుతుందన్న మాట నిజమే. మోటార్ సైకిల్ ఇంజిన్ కంపనాలు కెమెరాలోని స్టెబిలైజర్‌ను, ఆటోఫోకస్‌ను దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. సింగిల్ సిలిండర్ బండికి రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంటే వాడండి. కెమెరా ఖరీదైన ఫోన్ జేబులో ఉంచి, పాత ఫోన్‌ను హ్యాండిల్‌కు పెట్టడం ఇంకా మంచిది. ఎండలో స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి చార్జింగ్ కూడా పెడితే ఫోన్ వేడెక్కి చార్జింగే ఆపేస్తుంది. వానలో కేబుల్ తీసేయండి.

ప్రశ్న: ఘాట్‌లో ఏబీఎస్ ఆపేయాలా? (భద్రాచలం)

జవాబు: తారు మీద ఎప్పుడూ వద్దు, వాన రోజున అసలే వద్దు. కంకర దారిలో వాలు దిగేటప్పుడు మాత్రం వెనక చక్రానికి ఆపడం మేలు. లాక్ అయిన టైర్ ముందు కంకర కుప్పగా చేరి బండిని ఆపుతుంది. ఏబీఎస్ మాటిమాటికీ బ్రేక్ వదిలేస్తుంటే ఆ కుప్ప చేరదు, బండి జారుతూనే పోతుంది. ముందు చక్రానికి మాత్రం ఉంచండి, అది లాక్ అయితే పడడమే. చాలా బండ్లలో తాళం ఆపి మళ్లీ వేస్తే ఏబీఎస్ మామూలు మోడ్‌కు వస్తుంది. టీ కోసం ఆగిన ప్రతిసారీ మీటర్‌లో గుర్తు చూసుకున్నాకే బయల్దేరండి.

ప్రశ్న: వాడిన ఎక్స్‌పల్స్ 200 4వీ తక్కువలో వస్తోంది. తీసుకోవచ్చా? (కరీంనగర్)

జవాబు: తీసుకోవచ్చు. 19 పీఎస్ ఆయిల్ కూల్డ్ ఇంజిన్, 158 కిలోల బరువు. నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ చక్కటి బండి. సెంటర్ స్టాండ్ ఉండదు కాబట్టి మేస్త్రీతో ముందు చక్రం పైకి లేపించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్ పోయినట్టే. చక్రం తిప్పుతూ స్పోక్‌లను స్పానర్‌తో ఒక్కొక్కటే తట్టండి, అన్నీ ఇంచుమించు ఒకే శబ్దం ఇవ్వాలి, మొద్దుగా మోగేది వదులైనది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) మీద చైన్‌ను వెనక్కి లాగితే పన్ను సగం బయటపడిందా, చైన్ సెట్ మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చైన్ బిగుతు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది స్టిక్కర్‌లో రాసిన కొలతకే ఉండాలి. పొడవు ట్రావెల్ బండిలో సస్పెన్షన్ కుంగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది కాబట్టి బిగించి నడిపిన బండిలో ముందు స్ప్రాకెట్ బేరింగ్ అరిగిపోయి ఉండొచ్చు.

కాగితాల్లో పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు, అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికొచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్స్ గడువు, కట్టని చలాన్లు చూసుకోండి. పేరు మార్పిడి పూర్తయ్యేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచుకోవడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.