ఫోన్ నంబరు కోసం వచ్చిన ఉత్తరంతో వీసా పోదు

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో సపోర్ట్ ఇంజనీరు. హెచ్-1బీ మీద ఉంది. ఆ కంపెనీలో మానేసిన ఒకాయన ఓవర్‌టైమ్ ఇవ్వలేదని అందరి తరఫునా కేసు వేశాడట. ‘మీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఆయన లాయర్లకు ఇస్తాం, వద్దనుకుంటే ఈ కార్డు పంపండి’ అని అమ్మాయికి ఉత్తరం వచ్చింది. కార్డు పంపినా భయమే, పంపకపోయినా భయమే. వీసాకు ఇబ్బంది అవుతుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ ఉత్తరం మీ అమ్మాయి మీద కేసు కాదు, సాక్ష్యానికి రమ్మనే సమన్లూ కాదు. అక్కడి లాయర్లు దీన్ని ‘బెలెయిర్-వెస్ట్ నోటీసు’ అంటారు. బెలెయిర్-వెస్ట్ అనేది ఒక తోటపని కంపెనీ. భోజన విరామం, ఓవర్‌టైమ్ సంగతుల్లో దాని పనివాళ్లు కేసు వేసి, తోటివాళ్ల ఫోన్ నంబర్లు కావాలన్నారు. రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్లవే ఇస్తామని కంపెనీ వాదించింది. 2007లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అందరికీ ఉత్తరం వెళ్లాలి, వద్దన్నవాళ్ల పేర్లు తీసేయాలి, మిగతావి ఇవ్వాలి అంది. రావలసిన జీతం కోసం పోరాడే లాయరుకు తన నంబరు తెలియడానికి మామూలు ఉద్యోగి అభ్యంతరం చెప్పడన్నది వాళ్ల లెక్క.

వ్యక్తిగత గోప్యత హక్కును ఆ రాష్ట్ర ప్రజలు 1972లోనే ఓటు వేసి తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. ఈ కార్డు పద్ధతి ఆ హక్కును కాపాడటానికే. 2017లో మార్షల్స్ దుకాణాల కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇదే దారిలో వెళ్లింది. కోస్టా మెసా దుకాణంలో పనిచేసిన వ్యక్తి రాష్ట్రమంతటా ఉన్న ఉద్యోగుల నంబర్లు అడిగితే, కింది కోర్టులు ఆ ఒక్క దుకాణంవాళ్లవి చాలన్నాయి. సుప్రీంకోర్టు మాత్రం ఇలాంటి నోటీసు పంపితే రాష్ట్రమంతటివీ ఇవ్వవచ్చంది.

ఇక వీసా. ఇలాంటి లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన హెచ్-1బీకి వచ్చే నష్టం లేదు. ఆ లిస్టు ఇమిగ్రేషన్ వాళ్లకు వెళ్లేది కాదు, లాయర్ల మధ్య ఉండేది. జీతం విషయంలో ఫిర్యాదు చేశారనో, విచారణకు సహకరించారనో హెచ్-1బీ ఉద్యోగిని వేధించడం అమెరికా చట్టం ప్రకారం నిషిద్ధం. అలాగని వేధించే మేనేజర్లు ఉండరని నేను చెప్పను. కానీ ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: కార్డు పంపనివాళ్లంతా ఆ లిస్టులో ఉంటారు. మీ అమ్మాయి ఊరుకుంటే ఆ గుంపులో ఒకరు, అంతే. ‘నువ్వెందుకు పేరిచ్చావు’ అని అడగడానికి తను విడిగా చేసిన పనేమీ లేదు.

కార్డు పంపితే కేసులోంచి తప్పుకున్నట్టు అనుకుంటారు చాలామంది. కాదు. తప్పుకునేది ఫోన్ కాల్స్ నుంచి మాత్రమే. తర్వాత ఆ రాష్ట్ర చట్టం కింద ఉద్యోగులందరినీ కలిపి ఒకే పక్షంగా (దీన్ని ‘క్లాస్’ అంటారు) కోర్టు గుర్తించి డబ్బు ఇప్పిస్తే తన వాటా తనకు వస్తుంది. ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం కింద ఓవర్‌టైమ్ కేసయితే పద్ధతి వేరు, అందులో చేరతానని సంతకం చేసినవాళ్లకే వర్తిస్తుంది. అందుకే ఏ చట్టం కింద వేశారో ఉత్తరంలో చూడమనండి.

మరి పంపాలా వద్దా? నన్నడిగితే, రోజుకు ఎనిమిది గంటలు దాటి పనిచేసిన రోజులు తనకూ ఉంటే ఊరుకోవడమే నయం. అలాంటిదేమీ లేక, ఎవరితోనూ మాట్లాడటం ఇష్టం లేకపోతే కార్డు పంపేయవచ్చు, అదీ తప్పు కాదు. వాట్సాప్ గ్రూపులో ‘అందరం పంపేద్దాం’ అన్నారని మాత్రం పంపొద్దు. లాయరు ఫోన్ చేసినా మాట్లాడి తీరాలని లేదు. కంపెనీ లాయరు పిలిచి ‘నాకు అన్నీ సరిగానే ఇచ్చారు’ అనే కాగితం ముందు పెడితే, చదవకుండా సంతకం పెట్టకూడదు. ఇలాంటి మాటలు ఆఫీసు మెయిల్‌లో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు.

మనవాళ్లకు దొంగ ఉత్తరాలు, దొంగ కాల్స్ కూడా తక్కువేం కాదు కనుక, అసలుదో కాదో చూసుకోవాలి. అందులో కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి. ఆ కోర్టు వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడమనండి. డబ్బు గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, పాస్‌పోర్ట్ కాపీ గానీ అడిగితే అది ఆ నోటీసు కాదు.

కార్డుకు చివరి తేదీ ఉంటుంది. సందేహం ఉంటే ఉత్తరం పంపిన అడ్మినిస్ట్రేటర్‌కు ఫోన్ చేసి అడగవచ్చు. వాళ్లు కంపెనీ హెచ్‌ఆర్ కాదు, ఉత్తరాల పని చూసే మూడో పార్టీ. ఆ ఫోన్ అమ్మాయే చేయాలి. మీరు ఖమ్మం నుంచి చేస్తే వాళ్లు ఏమీ చెప్పరు.