బెంగళూరు చలికి గిన్నెడు ఓట్స్

"పీజీ హాస్టల్లో పెట్టే ఇడ్లీ చల్లారి గట్టిపడిపోతోంది, గదిలో ఓట్స్ వండుకుంటే జిగురుముద్ద అవుతోంది, ఏం చేయాలక్కా?" అని మారతహళ్లి నుంచి ఒక చెల్లెలు అడిగింది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిందట. రాష్ట్రం దాటినవాళ్లం మనమూ ఒకరకం ఎన్నారైలమే కాబట్టి సందేహం తీర్చాల్సిందే.

మన బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. కోస్తా ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి అది చాలు, వేడిగా ఏదైనా కడుపులో పడాలనిపిస్తుంది.

అమ్మా, జిగురు తప్పు నీది కాదు, సరుకుది. మెత్తగా నలిగిన ఇన్‌స్టంట్ రకం నీళ్లు తగలగానే కరిగిపోతుంది. మందపాటి అటుకుల్లా ఉండే రోల్డ్ ఓట్స్ కొనుక్కో. గింజను ముక్కలుగా కోసిన స్టీల్ కట్ రకం ఇంకా బాగుంటుంది కానీ అది ఉడకడానికి అరగంట పడుతుంది, ఆఫీసు క్యాబ్ అంతసేపు ఆగదు. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు నీటిలో కరిగి చిక్కబడుతుంది. ఒంటికి మంచిది అదే, గరిటె ఆపకుండా తిప్పితే బంకయ్యేదీ అదే.

చెంచా నెయ్యిలో అంగుళం దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి, అరకప్పు ఓట్స్ కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించు. ఈ వేయింపు మానేస్తే తక్కిన శ్రమంతా వృథా. తరవాత కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి సన్నని సెగ మీద అయిదారు నిమిషాలు వదిలెయ్యి. తీపి వంటలో ఉప్పేమిటని అనుకోకు, అది లేకపోతే పథ్యం కూడులా ఉంటుంది. ఆపైన అరకప్పు పాలు, రెండు యాలకుల పొడి, చిటికెడు శొంఠి. పచ్చి అల్లం వద్దు, పాలు విరుగుతాయి. బెల్లం కూడా అంతే. మరుగుతున్న పాలలో వేయకుండా, పొయ్యి కట్టేసి కాస్త వేడి తగ్గాక తురిమి కలుపు. మిరియాలు రెండు దంచి చల్లితే గొంతుకు హాయి.

తీపి సహించనివాళ్లకు ఈ ఊళ్లో చలికాలం మరో వరం ఇస్తుంది. మన అనపకాయలే ఇక్కడి అవరేకాయ్. ఈ నెలల్లో మల్లేశ్వరం, గాంధీబజార్ వీధుల్లో గుట్టలుగా పోసి అమ్ముతారు. నానబెట్టి పొట్టు తీసిన పితికిపప్పు కూడా దొరుకుతుంది. చిత్తూరువాళ్లకు చెప్పనక్కరలేదు, వాళ్లు చూడగానే సంచి నింపుకుంటారు. జీలకర్ర, మిరియాలు, కరివేపాకు తాలింపులో ఆ పప్పు ముందుగా ఉడికించి, అందులో ఓట్స్ పోసి పలచగా దించుకుంటే బియ్యప్పిండి జావ కన్నా ఎంతో రుచి.

గదిలో పొయ్యి పెట్టనివ్వని పీజీ అయితే కెటిల్‌లో పాలు కాచకు, అడుగంటి మాడు వాసన వదలదు. నీళ్లు మాత్రం మరిగించి, హాట్‌బాక్సులో ఓట్స్, దాల్చినపొడి, ఉప్పు మీద పోసి మూతపెట్టు. స్నానం చేసి వచ్చేసరికి ఉడికి ఉంటాయి. పాలపొడి, బెల్లం అప్పుడు కలుపుకో.