గోడకు ఉత్తరాన ఒక అధ్యాయం

చిరంజీవి అమ్మాయికి,

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. చైనా హాన్ వంశపు రాజధాని చాంగాన్‌ని, అక్కడి పట్టు అంగళ్లని, అంతఃపురం గుసగుసల్ని రాసిన తీరు చూసి చాలా సంతోషపడ్డాను. కానీ ఉత్తరాది సంచార జాతి షియోంగ్నులు వచ్చిన ప్రతిచోటా నీ కలం మారిపోతోంది. దుమ్ము లేస్తుంది, ఊళ్లు తగలబడతాయి, వాళ్లు వెళ్లిపోతారు. నవల మొత్తంలో వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు, ఆకలి లేదు, పిల్లల మీద బెంగ లేదు. ఈ ఉత్తరం ఆ విషయం గురించే.

తప్పంతా నీది కాదు. వాళ్లకి రాత లేదని, నోటిమాటే కట్టుబాటని హాన్ కాలపు చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. కాబట్టి వాళ్ల గురించి మనకి తెలిసిందంతా దాదాపు అవతలి పక్షం చెప్పిందే. అయినా ఆయన్ని నిదానంగా చదువు. షియోంగ్నులకి లొంగిపోయిన సేనాని లీ లింగ్ తరఫున ఒక మాట మాట్లాడినందుకు చక్రవర్తి ఆయన పుంసత్వాన్ని తీయించాడు. అంత అనుభవించిన మనిషి, ఆ సంచార జాతి పిల్లలు గొర్రెల మీద ఎక్కి చిన్న విల్లుతో పిట్టల్నీ ఎలకల్నీ కొట్టడం గురించి రాశాడు. ఆ పిల్లాడు నీ నవలలో ఎక్కడమ్మా?

మూడో అధ్యాయంలో హాన్ చక్రవర్తి వాళ్లకి దయతలచి కానుకలు పంపినట్టు రాశావు. అది జరిగిన తీరు వేరు. క్రీ.పూ. 200లో హాన్ వంశ స్థాపకుడు లియు బాంగ్ స్వయంగా దండెత్తి వెళ్లి, బైదెంగ్ దగ్గర షియోంగ్నుల రాజు మోదు సైన్యం చేతిలో ఏడు రోజులు చిక్కుకుపోయాడు. బతికి బయటపడ్డాకే సంధికి దిగాడు: రాజకుటుంబపు పిల్లనిస్తాం, ఏటా పట్టు, ధాన్యం, మద్యం పంపుతాం, అన్నదమ్ముల్లా ఉందాం అని. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు కదా, ఇక్కడ కయ్యమే వియ్యంగా మారింది. క్రీ.పూ. 162లో వెన్ చక్రవర్తి షియోంగ్నుల రాజుకి రాసిన లేఖలో చైనా గోడకి ఉత్తరాన విల్లు పట్టేవాళ్లది వాళ్ల రాజ్యం, దక్షిణాన టోపీ, నడికట్టు ధరించేవాళ్లది మా రాజ్యం అని ఒప్పుకున్నాడు. ఆ అధ్యాయంలో నీ మంత్రి గొంతులో భయం వినపడాలి.

జోంగ్‌హాంగ్ యువె గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకైతే అతనొక్కడే ఒక నవల. సంధి ప్రకారం షియోంగ్నులకి పంపిన పెళ్లికూతురి వెంట వెళ్లమంటే వెళ్లనన్న నపుంసక సేవకుడు. బలవంతం చేస్తే, నన్ను పంపితే మీకే ముప్పు అని చెప్పి మరీ వెళ్లాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. పట్టుబట్ట కట్టి ముళ్లపొదల్లో గుర్రం తోలండి, చిరిగి పీలికలైపోతుంది, మీ తోలూ ఉన్నీ చిరగవు అని షియోంగ్నులకి చెప్పాడు. హాన్ తిండి వచ్చినా పారేయండి, మీ పాలూ పెరుగూ దానికంటే మేలు అన్నాడు. జనాభాలో మీరు హాన్‌వాళ్ల ఒక జిల్లాకి కూడా సరిరారు, వాళ్ల వస్తువులకి అలవాటు పడితే వాళ్లవాళ్లే అయిపోతారని హెచ్చరించాడు. మనుషుల్నీ పశువుల్నీ లెక్కరాసుకోవడం నేర్పిందీ అతనే. చాంగాన్ అంటే అతనికి అసహ్యమా, బెంగా? రెండూ ఒకేసారి ఉండవచ్చు. అది రాయగలిగితే నువ్వు రచయితవే.

యుద్ధాల గురించి ఎక్కువ చెప్పను. క్రీ.పూ. 119లో షియోంగ్నుల మీద హాన్ చేసిన దాడికి లక్షా నలభై వేల గుర్రాలు వెళ్తే తిరిగి వచ్చినవి ముప్పై వేలలోపే. నీ విజయోత్సవం పేజీల పక్కన ఆ ఖాళీ గుర్రపుశాల కూడా ఉండనీ.

ఇక హాన్ రాయబారి జాంగ్ చియెన్. క్రీ.పూ. 138లో షియోంగ్నులకి వ్యతిరేకంగా యూజీలనే జాతి పొత్తు కోసం బయలుదేరాడు. షియోంగ్నులు పడమటికి తరిమేసిన ఆ యూజీల వంశంలోంచే తర్వాత కుషాణులు, మన బడి పుస్తకాల కనిష్కుడు వచ్చారు. దారిలో షియోంగ్నులు అతన్ని పట్టుకుని పదేళ్లకి పైగా ఉంచేసుకున్నారు. అక్కడే పెళ్లి చేశారు, కొడుకు పుట్టాడు. అయినా తన రాయబారి దండాన్ని వదల్లేదని చరిత్ర మెచ్చుకుంటుంది. నువ్వూ ఆ దండం గురించి రెండు పేజీలు రాశావు. చివరికి క్రీ.పూ. 126లో ఆ భార్యతో, సేవకుడు గాన్‌ఫుతో పారిపోయి వచ్చాడు. ఇక్కడ సీమా చియెన్ ఒక లెక్క చెప్తాడు: వెళ్లింది వందమందికి పైగా, తిరిగొచ్చింది ఇద్దరే. గాన్‌ఫుని లెక్కపెట్టారు. ఆమెని లెక్కపెట్టలేదు. కొడుకు ప్రస్తావనే మళ్లీ లేదు.

ఈ చోట నేను చాలాసేపు ఆగిపోయాను. తన వాళ్లకి శత్రువైన మనిషి వెంట, తన గుడారం వదిలి, తెలియని భాష మాట్లాడే ఊళ్లోకి నడిచొచ్చిన ఆడమనిషి. చాంగాన్‌లో మొదటిరోజు ఆమెకి ఏం వండిపెట్టారు? పైకప్పు ఉన్న గదిలో నిద్ర పట్టిందా? గుర్రపుపాల వాసన కోసం వెతుక్కుందా?

మిగతా సవరణలు తర్వాత చూద్దాం. ముందు నలభై పేజీల దండయాత్ర పక్కనపెట్టి, ఆమె కళ్లతో ఒక అధ్యాయం రాసి పంపు. ఆమె పేరు చరిత్రలో లేదు, నువ్వే పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు