మా ఇంటి ఆరోగ్య రహస్యం కందికాయలు

ప్రశ్న: ఇంటిల్లిపాదీ ఒంటికీ మనసుకీ ఆరోగ్యంగా ఉండాలంటే రోజూ ఏ అలవాట్లు పాటించాలి? మీ ఇంట్లో పనిచేసినవి చెప్పండి.

ఈ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దీనికి రోజూ తెల్లవారుజామున ఐదున్నరకే సమాధానం వచ్చేస్తుంది. పరగడుపున మెంతినీళ్ళు, రాత్రికి త్రిఫల చూర్ణం, రాగిచెంబు, ఎడమవైపు తిరిగి పడుకోవడం. పంపేది మా బాబాయి. ఆయనకి బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు మూడూ ఉన్నాయి. అడిగితే "నేను పంపుతానుగానీ పాటించనురా" అంటాడు.

నాది ఒకే ఒక్క సమాధానం. రోజూ సాయంత్రం ఓ అరగంట, ఇంట్లోవాళ్ళంతా కింద కూర్చుని, మర్నాటి కూర చేతులతో బాగుచేసుకోండి. చిక్కుడుకాయల నార తీయండి, గోంగూర తుంచండి, వెల్లుల్లి ఒలవండి. వాకింగులు, యోగాలు, ధ్యానాలు తర్వాత సంగతి. ఇదేం వంటల గ్రూపు కాదుగా అనుకుంటున్నారేమో, జరిగింది చెప్తాను, వినండి.

మాది తెనాలి. మా ఆవిడది తాండూరు. ఉండేది హైదరాబాదులో, నిజాంపేట వైపు ఓ అపార్టుమెంటులో. అమ్మ పోయాక నాన్నగారు మా దగ్గరికి వచ్చేశారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, డెబ్బై మూడేళ్ళు, పద్నాలుగేళ్ళుగా షుగరు. మా ఆవిడ ఓ డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్. నేను అకౌంట్సు పని. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. అబ్బాయి ఏడో తరగతి. ఐదుగురం, ఐదు ఫోన్లు, మూడు గదులు. ఎవరు ఎప్పుడు తిన్నారో గిన్నెల్లో మిగిలినదాన్ని బట్టి తెలిసేది. కూరగాయలు కూడా కోసి, ప్యాకెట్లో పెట్టి, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే రకమే. బెండకాయ ముక్కలు కూడా అలాగే వచ్చేవి. జిగురు పట్టిన ఆ బెండకాయ ముక్కల మీద నాకు వేరే కోపం ఉంది, ఇప్పుడొద్దులెండి.

రెండేళ్ళ కిందటి సంక్రాంతి. పండగ అయిన రెండోరోజు మా బావమరిది తాండూరు నుంచి సగం గోతం పచ్చి కందికాయలు తెచ్చి పడేసి వెళ్ళాడు. తాండూరు కందులకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి మా అత్తారింటి గర్వానికి పట్టపగ్గాల్లేవు. సరే, సగం గోతం కాయలు ఫ్రిజ్‌లో పట్టవు. పక్క ఫ్లాట్లవాళ్ళకి ఇస్తే "ఒలిచినవైతే ఇవ్వండి" అన్నారు. మా ఆవిడ హాల్లో పాత పేపర్లు పరిచి గోతం కుమ్మరించి, "అందరు రాండ్రి. గింత పని, అందరం కూసుంటే గంటల అయిపోతది" అంది. తనకి కోపమొస్తేనే తాండూరు భాష బయటికొస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

నాన్నగారు కింద కూర్చోలేరు. చిన్న పీట తెచ్చి వేశాం. ఆయన కాళ్ళు రెండూ ముందుకు చాచి, ఒళ్ళో చాట పెట్టుకున్నారు. మా అమ్మాయి ఆయనకి ఎదురుగా, నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. పది నిమిషాలు గడిచాయో లేదో, "తాతయ్యా, నీ కాలికి అదేంటి, నల్లగా?" అంది.

"ఏదమ్మా? మురికేమో."

మురికి కాదు. కుడికాలు బొటనవేలి మొదట్లో, అరికాలి కింద, చింతగింజంత నల్లటి మచ్చ. చుట్టూ తెల్లగా నానిపోయిన చర్మం. నేను వేలితో నొక్కితే పక్కనుంచి చీము వచ్చింది. నాన్నగారు మాత్రం కందికాయ ఒలుస్తూనే ఉన్నారు. నేను నొక్కినట్టే ఆయనకి తెలియలేదు. చేతిలో ఆ కాలు పట్టుకుని ఆయన మొహంలోకి చూసిన క్షణం ఉంది చూడండి, దాన్ని నేను మర్చిపోలేను.

"నొప్పి లేదా నాన్నగారూ?"

"లేదురా. నొప్పుంటే చెప్పనా?"

అదే అసలు ప్రమాదం. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. రక్తం సరిగ్గా అందక, దెబ్బ తగిలినా త్వరగా మానదు. నొప్పి లేదు కాబట్టి దెబ్బ లేదనుకుంటారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. అంతమందిలో రోజూ అరికాలు తిప్పి చూసుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. మా ఆవిడ రోజంతా ఊళ్ళోవాళ్ళ రక్తం తీసి షుగరు ఎంతుందో చెప్తుంది. "ఇంట్లో మనిషి కాలు చూడలేదే" అని ఆ రాత్రి తనే ఏడ్చింది. నేను ఒక్క మాట అనలేదు. అనే మొహం నాకెక్కడిది?

మా వాడు వెళ్ళి తాతయ్య హవాయి చెప్పు తెచ్చాడు. అరిగి అరిగి అట్టముక్కలా అయిన ఆ చెప్పులోంచి ఓ డ్రాయింగు పిన్ను మొన పైకి వచ్చి ఉంది. ఎన్నాళ్ళు దానిమీదే నడిచారో. పిన్ను మా వాడిదే. స్కూల్లో చార్టు ప్రాజెక్టు ఇస్తే (ఏడో తరగతి పిల్లాడికి సౌరకుటుంబం థర్మోకోల్ మీద ఎందుకో, దానికి తల్లిదండ్రులు అర్ధరాత్రిదాకా మేలుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు) దానికోసం తెచ్చిన డబ్బా. వాడు చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాన్నగారే దగ్గరికి పిలిచి, "ఒరేయ్, నాకు నొప్పే పుట్టలేదురా, నువ్వెందుకు ఏడుస్తావు" అన్నారు.

మర్నాడు ఆసుపత్రి. ఎక్స్‌రే తీశారు, ఎముకదాకా పోలేదన్నారు. చచ్చిన కండ కోసి తీసేశారు. యాంటీబయాటిక్స్, రోజు విడిచి రోజు డ్రెస్సింగు, ఆ కాలు మీద బరువు మోపకూడదని ఆజ్ఞ. "ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదండీ" అన్నారు డాక్టరుగారు. ఏడు వారాలు పట్టింది మానడానికి.

ఇప్పుడు చెప్పండి. మేం ఎప్పట్లా ఎవరి గదుల్లో వాళ్ళు, డైనింగ్ టేబుల్ కింద కాళ్ళు దాచుకుని తింటూ ఉంటే ఆ అరికాలు ఎవరు చూసేవారు? నాన్నగారికి మూడు వేలు పెట్టి వాచీ కొనిచ్చాను, అడుగులు లెక్కపెట్టేది. పిన్ను మీద వేసిన అడుగుల్ని కూడా అది శ్రద్ధగా లెక్కపెట్టింది.

కాయలు ఇంకా మిగిలే ఉన్నాయి. నాన్నగారి కాలు కుర్చీ మీద ఎత్తి పెట్టి, ఆయన చుట్టూ కూర్చుని రోజుకి కొన్ని ఒలిచేవాళ్ళం. మూడోరోజు, కాలేజీ తెరిచే ముందు సాయంత్రం, మా అమ్మాయి తల ఎత్తకుండా, కాయ చీలుస్తూ, "నాన్నా, శనివారం రాత్రి అయితే నాకు వాంతులవుతున్నాయి" అంది. నేను అజీర్తి అనుకున్నాను. "ఆదివారం టెస్ట్ ఉంటుందిగా" అంది. దసరా నుంచీ అవుతున్నాయట. బాత్రూంలో కుళాయి తిప్పి వాంతి చేసుకునేదట, మాకు వినపడకుండా.

నేను ఆ పిల్లని అప్పటికి పదిసార్లు అడిగి ఉంటాను, ఎదురుగా సోఫాలో కూర్చోబెట్టుకుని, "ఏమ్మా, ఏదైనా ప్రాబ్లమా, నాతో చెప్పు" అని. పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడిగితే ఎవరు చెప్తారు? చేతిలో పనుంటే చూపు దానిమీద ఉంటుంది. మాట మధ్యలో ఆగిపోయినా ఫరవాలేదు, ఇంకో కాయ తీసుకోవచ్చు. ఎవరూ మొహం చూడటం లేదు కాబట్టి మొహం దాచుకోవాల్సిన పనీ లేదు. మా అమ్మమ్మ కాలంలో ఆడవాళ్ళు చింతపండు ఒలుస్తూ సంసారాల గుట్లన్నీ ఎందుకు విప్పేవారో నాకు నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఈ కౌన్సెలింగులు అవీ తర్వాత వచ్చాయండీ, ముందు చింతపండే.

అలాగని చింతపండుతో సరిపెట్టలేదు. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, ఒకసారి అమ్మాయే చేసుకుంది. కాలేజీకి వెళ్తే అక్కడి పెద్దమనిషి "ప్రెషర్ లేకపోతే ర్యాంకు రాదు సార్" అన్నాడు. ప్రెషర్ కుక్కర్‌కైనా విజిల్ ఉంటుంది కదండీ అన్నాను. ఆయనకి నచ్చలేదు. రెండో సంవత్సరానికి ఇంటి దగ్గర మామూలు కాలేజీలో చేర్చాం. వాంతులు ఒక్కసారిగా ఆగిపోలేదు, మెల్లగా తగ్గాయి. పబ్లిక్ పరీక్షల ముందు మళ్ళీ రెండుసార్లయ్యాయి. కానీ కుళాయి తిప్పలేదు, నన్ను లేపింది.

అప్పట్నుంచి ఏడున్నరకి హాల్లో పేపరు పరవడం అలవాటైంది. చిక్కుడు, గోరుచిక్కుడు, తోటకూర, చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు, ఆదివారం వారానికి సరిపడా వెల్లుల్లి. ఏమీ లేకపోతే కరివేపాకు దూసుకోవడమైనా. ఫోన్లు వద్దని రూలేం పెట్టలేదు. గోంగూర చేతుల్తో ఫోను ఎవరు ముట్టుకుంటారు?

తిండి దానంతటదే మారింది. అరగంట కష్టపడి బాగుచేసిన తోటకూరని ఎవడూ పళ్ళెంలో వదలడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 2024లో ఇచ్చిన సలహాల్లో పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళూ ఉండాలన్నారు. మా ఇంట్లో అంతకుముందు సగం కాదు, ముప్పావు అన్నమే, మిగిలింది ఆవకాయ. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే దాదాపు ఒక టీస్పూను. మన ఇళ్ళలో ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ కలిస్తే మధ్యాహ్నానికే ఆ కోటా అయిపోతుంది. ఆవకాయ మానమని నేను చెప్పను, చెప్తే తెనాలి రానివ్వరు. ఒక్క ముక్కతో ఆపండి.

భోజనమయ్యాక పది నిమిషాలు సెల్లార్లో నడుస్తాం. రోడ్డు మీద నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద మిర్చిబండి, దాని పక్కన బైకులు, వాటి పక్కన తవ్వి వదిలేసిన గొయ్యి. తిన్న వెంటనే నడిస్తే కండరాలు ఆ చక్కెరని వాడేసుకుంటాయి కాబట్టి షుగరు ఒక్కసారిగా ఎగదన్నదు. పొద్దున నాన్నగారు వెళ్ళే వాకింగ్ క్లబ్బు సంగతి అడక్కండి, అక్కడ నడిచేది ప్లాట్ల రేట్లే. ఆయన మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 9.2 నుంచి ఏడాదిలో 7.3కి దిగింది. డాక్టరుగారు మధ్యలో మందులు మార్చిన మాట నిజమే. మా ఆవిడ ఆ క్రెడిట్ మందులకే ఇస్తుంది. నేను గోంగూరకిస్తాను. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మాటలొచ్చాక గొడవలు కూడా వచ్చాయి. తెనాలి ఇల్లు అమ్మేద్దామని నేను ఓసారి బీరకాయ చెక్కు తీస్తూ అన్నాను. నాన్నగారు చాట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయారు. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు సాయంత్రం పీట తనే తెచ్చుకుని కూర్చుని, "ఆ ఇంట్లో మీ అమ్మ పెట్టిన కరివేపాకు చెట్టుందిరా" అన్నారు. ఇల్లు అమ్మలేదు. అద్దె రావడం లేదు, పన్ను కడుతున్నాను, కానీ బీపీ పెరగలేదు, నాదీ ఆయనదీ.

షుగరు ఉన్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే చూడండి: అరికాళ్ళు, వేళ్ళ సందులు, మడమలు. వాళ్ళకి వంగడం రాకపోతే కింద అద్దం పెట్టండి. చెప్పులు వేసుకునే ముందు దులపండి, అరిగినవి పారెయ్యండి. కాళ్ళనొప్పులని వేణ్ణీళ్ళలో పెట్టనివ్వకండి, వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. ఆనెలు ఇంట్లో బ్లేడుతో కొయ్యకండి.

మా ఇంట్లో ఈ డ్యూటీ మా వాడిది. పిన్ను సంగతి వాడింకా మర్చిపోలేదు. రాత్రి తొమ్మిదికి టార్చి పట్టుకుని వస్తాడు, తాతయ్య కాళ్ళు రెండూ తిప్పి తిప్పి చూసి, పాత డైరీలో రాస్తాడు. ఈ మధ్య ఎవరి కాళ్ళూ వదలడం లేదు. నిన్నటి పేజీ ఇది: "తాతయ్య: ఎడమ ఓకే, కుడి ఓకే, గోళ్ళు కత్తిరించాలి. అమ్మ: ఓకే. అక్క: చూపించలేదు. నాన్న: మడమలు పగిలాయి, చెప్తే వినడు."