పాముక్ మీద నువ్వు రాసిన కాగితాలు చదివాక

చిరంజీవికి,

నీ వ్యాసం, కథ రెండూ అందాయి. భాష బాగుంది. వ్యాసం చదువుతుంటే మాత్రం చిరాకేసింది. టర్కీ నవలాకారుడు ఓర్హాన్ పాముక్ నవలలన్నిటినీ తూర్పు-పడమర, అస్తిత్వం, విషాదం అని మూడు హెడ్డింగుల కింద సర్దేశావు. పరీక్షకైతే మార్కులొస్తాయి. రాసేవాడికి దానితో ఏం పని?

ఆ పుస్తకాల్లో మనుషులేం చేస్తున్నారో చూడు. ఎప్పుడూ ఒకరి చోట్లోకి ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. 1985 నాటి ‘ద వైట్ కాసిల్’లో వెనిస్ బానిస, అతని యజమాని హోజా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ‘నేనెందుకు ఇలా ఉన్నాను’ అని రాసుకుంటారు. నీ తూర్పు-పడమర ఆ బల్ల దగ్గరే ఉంది, వేరే హెడ్డింగు అక్కర్లేదు. ‘ద బ్లాక్ బుక్’లో గాలిప్, వెళ్ళిపోయిన భార్యని వెతుక్కుంటూ ఇస్తాంబుల్ అంతా తిరిగి, చివరికి పత్రికలో కాలమ్‌లు రాసే జెలాల్ ఫ్లాట్‌లో చేరి అతని పేరుతో పత్రికకి కాలమ్‌లు రాస్తాడు. ‘ఏ స్ట్రేంజ్‌నెస్ ఇన్ మై మైండ్’లో కావడి మోస్తూ రాత్రిళ్ళు బోజా అనే పులిసిన పానీయం అమ్మే మెవ్లుత్ మనసుపడింది ఒక ఇంటి అక్కచెల్లెళ్ళలో చెల్లెలి మీద. దాయాది చేసిన మోసంతో మూడేళ్ళ ఉత్తరాలు అక్కకి చేరాయి, లేపుకొచ్చిందీ అక్కనే! ‘స్నో’లో చనిపోయిన కవి కా జాడలు వెతుకుతూ ఓర్హాన్ అనే నవలాకారుడు కార్స్ ఊరు వెళ్ళి, కా ప్రేమించిన ఇపెక్‌నే చూసి మనసు పారేసుకుంటాడు.

ఇన్ని పుస్తకాల్లో ఒకే సంగతి. 2006లో నోబెల్ ఇచ్చినవాళ్ళు ‘కొత్తదనమేదీ?’ అనలేదు. మన దగ్గర అంటారు. నా కుర్రతనంలో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ ‘మళ్ళీ అదే బావి, అదే అన్నదమ్ములా?’ అని ఎర్రసిరాతో రాశాడు. ఆ తర్వాత కూడా అదే బావి గురించి రాశాను, ఇంకా రాస్తున్నాను. ఏటా ఒక అంశం ప్రకటించి కథల పోటీ పెట్టేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రచయిత దగ్గర ఉండేదే ఒక కథ, దాన్ని ఎన్నిసార్లైనా తవ్వుకోవచ్చు.



నీ కథలో హీరో వంతెన మీద నిలబడి రెండు పేజీలు దిగులుపడ్డాడు. అది కొట్టెయ్. మూడో పేజీలో జిరాక్స్ షాపులో తమ్ముడు బ్యాంకు కాగితాల మీద అన్న సంతకం పెట్టేస్తాడు చూడు, దాన్ని నాలుగు వాక్యాల్లో వదిలేశావేం? అన్నకి ఆ సంగతి ఎలా తెలిసిందో, తెలిశాక ఇంట్లో ఏమైందో రాసి పంపు. వ్యాసం మళ్ళీ పంపకు.