బుష్షులు వేసి ఆర్నెల్లు కాలేదు, మళ్లీ చప్పుడు!

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. నాది 2015 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ. బత్తాయి తోటకు పోయే దారంతా రాళ్లు, గుంతలు. పోయిన చలికాలంలో ముందు చక్రాలను ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) కలిపే అప్పర్ ఆర్మ్, లోయర్ ఆర్మ్ కీళ్లలోని రబ్బరు బుష్షులన్నీ కొత్తవి వేయించాను. ఆర్నెల్లు కూడా కాలేదు, స్పీడ్ బ్రేకర్ దిగితే మళ్లీ టక్ టక్ మంటోంది. బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది. సామాను డూప్లికేట్ అయి ఉంటుందని ఇంకో మెకానిక్ అంటున్నాడు. నేను కొన్నది కంపెనీ సామానే, బిల్లు ఉంది. మళ్లీ డబ్బులు పెట్టాలా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: సామాన్ను అనుమానించే ముందు ఒక విషయం గుర్తు చేసుకోండి. బుష్షులు వేసిన రోజు ఆర్మ్ బోల్టులు చివరిసారి గట్టిగా బిగించినప్పుడు బండి ఎలా ఉంది? జాకీ మీద లేచి చక్రాలు వేలాడుతున్నాయా, లేక నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడి ఉందా? వేలాడుతున్నప్పుడే బిగించి ఉంటే మీ బుష్షులకు మొదటి రోజు నుంచే కష్టకాలం మొదలైనట్టు. కొత్త బుష్షులు తొందరగా పోయాయని నా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువగా చూసేది ఇదే.

బుష్షు లోపల ఏముందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, రెండింటి మధ్య వాటికి గట్టిగా అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్ బ్రాకెట్ మధ్య బిగుసుకుపోతుంది, ఇక అది తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది. చక్రం ఎక్కి దిగినప్పుడల్లా మధ్యలో ఉన్న రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడి, మళ్లీ తన చోటికి వస్తుంది. ఇందులో బేరింగులా తిరిగే భాగం ఏదీ లేదు. పని అంతా రబ్బరుదే.

ఇప్పుడు లెక్క చూడండి. చక్రం వేలాడే చోటు నుంచి బండి నేల మీద నిలబడే చోటుకు ఆర్మ్ 15 డిగ్రీలు పైకి లేస్తుందనుకుందాం. వేలాడేటప్పుడు బోల్టు బిగిస్తే, బండి కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు 15 డిగ్రీలు మెలిపడి ఉంటుంది. ఇంటి ముందు ఊరికే నిలబెట్టినా దానికి విశ్రాంతి లేదు. గుంతలో పడి చక్రం ఇంకో 15 డిగ్రీలు లేస్తే మొత్తం మెలిక 30 అయింది. నేల మీద నిలబెట్టి బిగించి ఉంటే అదే గుంతలో 15తో పోయేది. మీ తోట దారిలో రోజూ ఈ రెట్టింపు బరువు మోస్తూ ఉంటే రబ్బరు గొట్టం నుంచి ఊడిపోక ఏం చేస్తుంది? పైగా మన జిల్లాలో ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడి కూడా రబ్బరు మీదే పడుతుంది.

అయితే వెంటనే విప్పించకండి. ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాలి. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, టామీ రాడ్‌తో (పొడవాటి ఇనుప కడ్డీతో) ఆర్మ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య మెల్లగా తోసి చూడమనండి. రబ్బరు కొద్దిగా సాగి వెనక్కి వస్తే ఫర్వాలేదు. ఆర్మ్ టక్కున జరిగితే, లేదా రబ్బరుకూ గొట్టానికీ మధ్య చీలిక కనబడితే ఆ బుష్షు పోయినట్టే. పైపైన కనబడే సన్నటి పగుళ్లు చూసి మాత్రం భయపడొద్దు, అవి ఎండకు వచ్చేవి. పనిలో పనిగా బాల్ జాయింట్లు (ఆర్మ్ చివర కీళ్లు), టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కీళ్లు), షాక్ అబ్సార్బర్ బుష్షులు, బండి పక్కకు ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్ లింకులు కూడా కదిపి చూడాలి. షాక్ అబ్సార్బర్ చివరనున్న చిన్న రబ్బరు అరిగినా ఇదే టక్ టక్ వస్తుంది, దాన్ని మార్చడం చిన్న పని.

ఎడమకు లాగడానికి ఒక వైపు బుష్షు చీలడం ఒక కారణం కావచ్చు. బ్రేకు వేయగానే ఆ చక్రం వెనక్కి జరిగి దాని దిశ మారుతుంది. బ్రేకు డిస్కును నొక్కే కాలిపర్ ఒక వైపు పట్టేసినా ఇలాగే లాగుతుంది. అందుకే కొంతదూరం నడిపి ఆపి, రెండు ముందు చక్రాల రిమ్ముల దగ్గర చేయి పెట్టి వేడిలో తేడా ఉందా చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు. టైర్ల గాలి కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి.

రబ్బరు ఇంకా చీలకపోతే మీకు రూపాయి సామాను ఖర్చు లేదు. ఆర్మ్ బోల్టులు వదులు చేసి, బండిని నేల మీద నిలబెట్టి, ముందూ వెనకా కొద్దిగా కదిపి, బానెట్ మీద నాలుగుసార్లు నొక్కి వదలాలి. ఆర్మ్ తన చోటులో కుదురుకున్నాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్కకు బిగించాలి. కిందికి దూరడానికి గుంట ఉన్న షెడ్డు అయితే సులువు. గుంట లేకపోతే లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు దగ్గరగా స్టాండ్ పెట్టి బండి బరువు ఆర్మ్ మీదికి వచ్చేలా చేసినా సరిపోతుంది.

చీలి ఉంటే మార్చక తప్పదు, రెండు వైపులా కలిపే మార్చండి. ఒక సంగతి మీ మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. మీ బండికి ముందు టోర్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా బరువు మోసే ఇనుప కడ్డీలు ఉన్నాయి. బార్‌లో బలం ఉండగానే ఆర్మ్ విప్పితే అది విసురుగా కొట్టి ఎముకలు విరగ్గొడుతుంది. ముందుగా బార్‌ను బిగించి ఉంచే యాంకర్ బోల్టు ఎన్ని మరలు బయటికి ఉందో కొలిచి, బార్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టి, ఆ తర్వాతే వదులు చేయాలి. ఆ గుర్తు లేకపోతే బండి ఎత్తు ఒక వైపు మారిపోతుంది.

పాత బుష్షు తీయడానికి గ్యాస్ మంట పెట్టనివ్వకండి. కాలే రబ్బరు పొగ మనుషులకు మంచిది కాదు, ఆ వేడికి ఆర్మ్ కూడా దెబ్బతింటుంది. సమ్మెటతో కొడితే ఆర్మ్ చెవులు వంగుతాయి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపుకు ఆర్మ్ పట్టుకెళ్లడమే మేలు. కొత్తది దింపేటప్పుడు ప్రెస్ బలం బయటి గొట్టం అంచు మీదే పడాలి, రబ్బరు మీదా లోపలి గొట్టం మీదా పడకూడదు. కొన్ని బుష్షుల రబ్బరులో ఖాళీలు ఉంటాయి. అవి ఏ దిక్కుకు ఉన్నాయో పాతది తీయకముందే గుర్తు పెట్టుకుని కొత్తదాన్నీ అలాగే దింపాలి. అంతా అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైర్లు ఒక అంచున అరుగుతాయి.

ప్రశ్న: సార్, నాది బొలెరో. వాటర్ సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద డీజిల్, కాలిన ఇంజిన్ ఆయిల్ కలిపి కొడుతున్నారు. కిర్రుమనే చప్పుడు పోతోంది. మంచిదేనా?
– ఒక డ్రైవర్, అచ్చంపేట

జవాబు: వద్దు. చప్పుడు నాలుగు రోజులు పోతుంది, ఆ నూనెకు పట్టీ చివరి కంటిలోని బుష్షులు, పట్టీని ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి. నూనె మీద మన మొరం దుమ్ము పట్టి పట్టీల మధ్య సానరాయిలా అరగదీస్తుంది. ఒట్టి నీళ్లతో కడిగి ఆరనిస్తే చాలని ముందే చెప్పండి. పాత జీపుల్లో ఇనుప షాకిల్ బుష్షులకు గ్రీజు నిపుల్ ఉంటుంది, అక్కడ గ్రీజు కొట్టాల్సిందే. నిపుల్ లేని రబ్బరు బుష్షుకు గ్రీజూ వద్దు, నూనే వద్దు. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు చాలా థాంక్స్, ఈ అలవాటు వల్ల మంచి బండ్లు పాడవుతుంటే చూసి బాధపడుతుంటాను.

ప్రశ్న: అన్నా, నాది 2021 థార్. సెలవుల్లో దోస్తులతో డిండి వైపు రాళ్ల దారుల్లో తిప్పుతాను. రబ్బరు తీసేసి పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్షులు వేస్తే జీవితాంతం ఉంటాయంటున్నారు. వేయించనా?
– ఒక విద్యార్థి, జడ్చర్ల

జవాబు: అన్నీ మార్చకండి. పాలీ గట్టిది, నూనెకు తట్టుకుంటుంది, హైవే మీద స్టీరింగ్ బిగువుగా అనిపిస్తుంది. అదంతా నిజమే. మీ బండి వెనుక కమాన్ పట్టీలు లేవు, కాయిల్ స్ప్రింగులతో మల్టీలింక్ ఉంది, అంటే ఇరుసును కొన్ని కడ్డీలు (లింకులు) పట్టి ఉంచుతాయి. రాళ్ల మీద ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి పోయినప్పుడు ఆ లింకుల బుష్షులు ఒక్క దిక్కుకే కాదు, పక్కకూ వంగాలి. రబ్బరు వంగుతుంది. గట్టి పాలీ అంతగా వంగదు, అప్పుడు చక్రం నేలను వదిలేస్తుంది, బలమంతా బ్రాకెట్ వెల్డింగ్ మీద పడుతుంది. మీరు కోరుకునే రాళ్ల దారికే అది అడ్డం. అదిరింపు కూడా నేరుగా సీటు దాకా వస్తుంది.

ఈ లింకులకు కంపెనీ రబ్బరే ఉంచండి. పాలీ వేయాలని ఉంటే, మీ వేరియంట్‌లో స్టెబిలైజర్ బార్ ఉంటే దాని బుష్షులకు వేయించండి, అక్కడ పెద్దగా నష్టం లేదు. పాలీ రబ్బరులా మెలిపడదు, గొట్టం మీద తిరుగుతుంది. కాబట్టి దానికి గ్రీజు కావాలి. బుష్షుతో పాటు వచ్చే సిలికాన్ గ్రీజే పూయించండి. గ్రీజు ఆరిపోతే కీచుమంటుంది, అప్పుడు విప్పి శుభ్రం చేసి మళ్లీ పూయాలి. వానాకాలంలో బురదలో తిరిగి వచ్చాక ఒకసారి విప్పించి చూసుకోండి.