రామన్ స్లాట్‌కు వెళ్లే ముందు

బిడ్డా,

హైదరాబాద్‌లో రామన్ మెషీన్ (లేజర్ వేసి, చెదిరి వచ్చే వెలుగును బట్టి అణువుల కంపనాలు చూసేది) మీద నీ ప్లాస్టిక్ ఫిల్ములు చూసుకోవడానికి స్లాట్ దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఒక్క పూటే ఇస్తారట కదా, బస్సెక్కే ముందే ఇది చదువు.

మొదటి పని నల్లగొండలోనే అయిపోవాలి. ప్రతి ఫిల్మ్‌కూ యూవీ-విజిబుల్ స్పెక్ట్రం, అంటే ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫు, తీసి ప్రింటు వెంట పెట్టుకో. అది చేతిలో లేకుండా లేజర్ ఎంచుకోవద్దు. లేజర్ రంగు, ఫిల్మ్ పీల్చుకునే రంగు కలిస్తే సిగ్నల్ వెయ్యి రెట్ల నుంచి పది లక్షల రెట్ల దాకా పెరగొచ్చు, దీన్నే రెజొనెన్స్ అంటారు. నీ వంద నానోమీటర్ల పొర నుంచి స్పెక్ట్రం తేలిగ్గా వచ్చేది అందుకే. కానీ అన్ని కంపనాలూ పెరగవు. వెలుగు పీల్చుకున్నప్పుడు అణువు ఆకారం ఎటు మారుతుందో, అటు కదిలే కంపనాలే పెరుగుతాయి. నీ ఫిల్మ్‌లోని పీ3హెచ్‌టీ అనే ప్లాస్టిక్‌లో అవి ప్రధాన గొలుసువి: కార్బన్ల మధ్య డబుల్ బాండ్‌ది 1450 వేవ్‌నంబర్ల (రామన్ గ్రాఫులో పీక్ చోటు చెప్పే కొలత) దగ్గర, సింగిల్ బాండ్‌ది 1380 దగ్గర. పక్కన వేలాడే హెక్సైల్ గొలుసులు పెద్దగా కనబడవు. చెరువుగట్టు జాతరలో మైకు ఉన్నవాడి మాటే వినబడుతుంది, అంతమాత్రాన మిగతా జనం లేరని కాదు కదా.

అందుకే ఒక్క లేజర్‌తో తీసి "ఇదీ నా ఫిల్మ్" అని రాయకు. అణువులు పద్ధతిగా పేర్చుకున్న భాగం 550, 605 నానోమీటర్ల దగ్గర వెలుగు పీల్చుకుంటుంది, చిక్కుపడ్డ భాగం 450 దగ్గర. డబుల్ బాండ్ పీక్ మొదటిదానికి 1445–1450లో, రెండోదానికి 1470 దగ్గర వస్తుంది. 488 నానోమీటర్ల లేజర్‌తో తీస్తే చిక్కుపడ్డ భాగం పెద్దగా తేలుతుంది, 532తో పద్ధతిగా పేర్చుకున్నది. ఫిల్మ్ మాత్రం అదే. ఆ పీకుల నిష్పత్తిని నేరుగా ఏ భాగం ఎంత శాతమో అని మార్చేసే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎంత కష్టపడి చేసిన ఫిల్మ్ అయినా అక్కడ లెక్క తప్పిపోతుంది. రెండు లేజర్లతో తియ్యి, రెండూ పక్కపక్కన పెట్టు.

అక్కడివాళ్లు 633 లేజర్ ఖాళీగా ఉందంటారేమో. ఒప్పుకునే ముందు లెక్క వేసుకో. దానితో 1450 పీక్ 697 నానోమీటర్ల దగ్గర పడుతుంది, సరిగ్గా నీ ఫిల్మ్ ఫ్లోరెసెన్స్ (పీల్చుకున్న వెలుగును ఫిల్మ్ తిరిగి వెదజల్లడం, పీకులను ముంచేస్తుంది) మధ్యలో. 532తో అయితే 577 దగ్గర పడుతుంది, ఫ్లోరెసెన్స్ మొదలయ్యేలోపే. 785 ఉంటే అది కూడా ఒకసారి తియ్యి. అది రెజొనెన్స్‌కు దూరం కాబట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

పవర్ విషయంలో కంగారు పడకు కానీ జాగ్రత్తగా ఉండు. ఒక్క మిల్లీవాటును వంద రెట్ల లెన్సుతో మైక్రాన్ చుక్కలోకి దించితే, చదరపు సెంటీమీటరుకు లక్ష వాట్ల లెక్క. గాలి ఉంటే ఫిల్మ్ ఆక్సిడైజ్ అవుతుంది. శాంపిల్‌ను నైట్రోజన్‌లో ఉంచే సెల్ అడుగు. తక్కువ రెట్ల లెన్సు వాడు, మైక్రోవాట్లలో మొదలుపెట్టు, పవర్‌ను శాంపిల్ దగ్గరే కొలువు. అదే చుక్క మీద రెండోసారి తీసి చూడు. పీక్ ఎక్కువ వేవ్‌నంబరు వైపు జరిగినా బ్యాక్‌గ్రౌండ్ పెరిగినా ఆ చుక్క పోయినట్టే. మొదట్లో, చివర్లో సిలికాన్ ముక్క పెట్టి దాని పీక్ 520.7 దగ్గరే ఉందో లేదో చూసుకో. ఏసీ ఆగి గది వేడెక్కితే స్పెక్ట్రం కొద్దిగా జరుగుతుంది.

ఫిల్మ్ వేసే గాజు పలకలు కడగడానికి మన బోరు నీళ్లు అసలు వాడొద్దు. ఫ్లోరైడ్ సంగతి పక్కన పెట్టినా, ఆ ఉప్పులన్నీ మరకలు కడతాయి. ఉప్పులు తీసేసిన డీఅయోనైజ్డ్ నీళ్లతోనే కడుగు. ఫిల్ములను సిల్వర్ ఫాయిల్‌లో చుట్టి డబ్బాలో పెట్టు, బస్సులో కిటికీ పక్కన మాత్రం పెట్టకు.

స్పెక్ట్రాలు రాగానే యూవీ గ్రాఫులతో కలిపి వాట్సాప్‌లో పంపు. 2900 దగ్గర పీక్ వస్తే తొందరపడి సీ-హెచ్ (కార్బన్-హైడ్రోజన్ బాండ్) అని పేరు పెట్టకు. 1450కి రెట్టింపు కూడా అక్కడే పడుతుంది. ఆ పీక్ సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాయన